ఎక్కిన గేర్లోనే దిగాలి

విశాఖపట్నం షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు వచ్చి జాతీయ రహదారిలో కలిసేచోట సాయంత్రం పూట ఓ అరగంట నిలబడండి. కళ్లు మూసుకుని వింటే చాలు, ఏ లారీలో ఎలాంటి గేరుబాక్సు ఉందో చెవికే తెలిసిపోతుంది. ఒక బండి కదులుతుంది. ఇంజను శబ్దం పెరిగి, టక్కున తగ్గి, చిన్నగా గాలి బుస్సుమని, మళ్లీ పెరుగుతుంది. ప్రతిసారీ అదే వ్యవధి, అదే కొలత. వెనకే ఇంకో బండి. అది ఒక్క కుదుపుతో లేస్తుంది, మధ్యలో పళ్లు రాసుకున్న గరగర, ఓ క్షణం ఖాళీ, ఆ తర్వాత పికప్. మొదటిదాంట్లో గేరు మార్చింది కంప్యూటరు. రెండోదాంట్లో మార్చింది పొద్దున్నుంచి క్యూలో కూర్చుని అలసిపోయిన మనిషి. ఆ వెనకాల మూడో బండి వస్తుంది. అదీ మాన్యువలే, కానీ గేరు పడిన సంగతే మీకు వినపడదు. దాన్ని తోలేవాడు ఏళ్ల తరబడి స్టీరింగు పట్టినవాడై ఉంటాడు.

కొత్త లారీ కొనబోయే యజమానులు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఈ మూడు బండ్ల గురించే. ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్‌తోనే ఉండాలా? పాత డ్రైవర్లను అడిగితే, గేరు మన చేతిలో లేకపోతే బండి మన చేతిలో లేనట్టే అంటారు. అమ్మేవాళ్లను అడిగితే, ఇక ఎవరైనా తోలెయ్యొచ్చు అంటారు. నా లెక్కలో రెండో మాట మొదటి దానికన్నా ప్రమాదకరం. ఎందుకో చెప్పాలంటే గేరుబాక్సు లోపలి నుంచి మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు ఈ ఊరి సంగతి. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2009లో గంగవరం పోర్టు వచ్చింది. ఇనుప ఖనిజం రైలు మీదా, కన్వేయర్ల మీదా నడిచినా, బొగ్గు, ఎరువులు, కంటైనర్లు, స్టీల్‌ప్లాంటు నుంచి వచ్చే వైర్‌రాడ్ కాయిళ్లు, టీఎంటీ కడ్డీలు, బిల్లెట్లలో పెద్ద వాటా లారీ ఎక్కాల్సిందే. ఆ లారీ ముందు గేటు దగ్గర, తర్వాత కాటా దగ్గర, తర్వాత లోడింగు దగ్గర వరసలో అడుగులు వేస్తుంది. బయటపడ్డాక కొన్ని చెన్నై దారిలో చదునుగా పోతాయి. మరికొన్ని విజయనగరం మీదుగా సాలూరు చేరి, 26వ నంబరు జాతీయ రహదారి మీద పి.కోనవలస ఘాటు ఎక్కి ఒడిశాలోకి, అక్కణ్నుంచి రాయపూర్ వైపు పోతాయి. అంటే ఒకే బండికి ఒకే ట్రిప్పులో మనిషి నడకంత వేగమూ కావాలి, ఘాటు ఎక్కే బలమూ కావాలి. గేరుబాక్సును పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

డీజిల్ ఇంజనుకు బలం చాలా ఉంటుంది గానీ అది హాయిగా పనిచేసే వేగాల పరిధి ఇరుకు. కారు పెట్రోలు ఇంజను నిమిషానికి 6,000 చుట్ల దాకా తిరుగుతుంది. పెద్ద లారీ ఇంజను సుమారు 1,000 నుంచి 1,800 చుట్ల మధ్యే బాగా లాగుతుంది. ఆ ఇరుకు పరిధిలోనే ఉంటూ బండి నిలుచున్న చోటి నుంచి గంటకు 80 కిలోమీటర్ల దాకా పోవాలంటే మెట్లు దగ్గరదగ్గరగా ఉన్న నిచ్చెన కావాలి. అందుకే కారుకు ఐదు గేర్లు సరిపోతే లారీకి ఆరు, తొమ్మిది, పన్నెండు కావాలి. తొమ్మిది గేర్ల బాక్సులో అన్నిటికన్నా కింద ఒక క్రాలర్ గేరు ఉంటుంది, ఆపైన నాలుగు. ఆ నాలుగూ అయ్యాక చిన్న మీట నొక్కి అవే దారుల్లో మళ్లీ నాలుగు.

పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి 2018 వరకు 25 టన్నులు. ఆ ఏడాది కేంద్రం దాన్ని 28.5 టన్నులకు పెంచింది. వంద మీటర్లు నడిస్తే ఆరు మీటర్లు పైకి లేచే దారిలో, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 28.5 టన్నులను ఎత్తడానికే దాదాపు 190 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. టైర్ల రాపిడి, గాలి అడ్డం దీనికి అదనం. 200, 250 హార్స్‌పవర్ ఇంజనుకు ఇక మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలోనే గేరు మార్చాలి. మార్చే ఆ క్షణంలో ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, బండి వేగం పడిపోతుంది. కొత్తవాడు గేరు వెతుక్కునే లోపు కింది గేరు వేయాల్సిన పరిస్థితి వచ్చేస్తుంది. అదీ దొరక్కపోతే బండి వెనక్కి జారుతుంది. ఒకప్పుడు ఇలాంటప్పుడు క్లీనరు దూకి టైరు కింద రాయో చెక్కో పెట్టేవాడు.

ఆ గేరు ఎందుకు దొరకదు? తిరుగుతున్న రెండు చక్రాల పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమడాలంటే రెండూ ఒకే వేగంతో తిరగాలి. కదిలే బస్సు ఎక్కేవాడు బస్సుతో సమానంగా నాలుగు అడుగులు పరిగెత్తి రాడ్డు పట్టుకుంటాడు కదా, అదే లెక్క. నిలబడి చెయ్యి చాపితే కింద పడతాడు. సింక్రోమెష్ ఉన్న బాక్సుల్లో ఆ నాలుగు అడుగుల పరుగును ఒక రింగు తన రాపిడితో చేసిపెడుతుంది. అది లేని బాక్సుల్లో డ్రైవరే చేయాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, కింది గేరుకైతే ఒకసారి రేస్ చేసి, పై గేరుకైతే ఇంజను తగ్గేదాకా ఓపిక పట్టి, మళ్లీ క్లచ్ తొక్కి వేయాలి. డబుల్ క్లచ్ కొట్టడం అంటే ఇదే. చెవీ, అరికాలూ, అరచేయీ మూడూ కలిసి పనిచేస్తే గానీ రాదు. ఏ పుస్తకంలోనూ నేర్చుకునేది కాదు. క్లీనరుగా చేరి, టైర్లు కడిగి, తాడు బిగించి, రాత్రి పూట ఖాళీ రోడ్డు మీద గురువు పక్కన కూర్చుని స్టీరింగు పట్టి, ఏళ్లు గడిచాక వచ్చే విద్య అది. ఇప్పుడు చాలా బండ్లు క్లీనరు లేకుండానే నడుస్తున్నాయి. ఆ బడే మూతపడుతోంది. కంప్యూటరు గేరుబాక్సు వచ్చింది సరిగ్గా ఆ ఖాళీలోకి.

ఇక ఆ కంప్యూటరు గేరుబాక్సు ఏమిటో చూద్దాం. మన లారీల్లో ఆటోమేటిక్ అని పిలుచుకునేది నిజానికి ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. లోపల ఉన్నది మాన్యువల్ బాక్సులో ఉండే అవే పళ్లచక్రాలు, అదే పొడి క్లచ్ ప్లేటు. తొక్కడానికి పెడల్ ఉండదు, అంతే. క్లచ్‌ను నొక్కేదీ, గేరును జరిపేదీ గాలి ఒత్తిడితో కదిలే పరికరాలు. లోపలికి వచ్చే షాఫ్టు ఎంత వేగంతో తిరుగుతోందో, బయటికి వెళ్లే షాఫ్టు ఎంత వేగంతో తిరుగుతోందో సెన్సార్లు చెబుతాయి. కంప్యూటరు ఇంజనుకు డీజిల్ తగ్గించి, వేగాలు కలిసిన క్షణంలో గేరు వేస్తుంది. మన మూడో లారీ డ్రైవరు చెవితో చేసేదాన్నే ఇది కొలిచి చేస్తుంది. 1980లలో స్కానియా, మెర్సిడెస్ బెంజ్ దీని తొలి రూపాలను తెచ్చాయి. 2001లో వోల్వో ఐ-షిఫ్ట్ తెచ్చింది. మన దేశంలో టాటా, అశోక్ లేలాండ్, భారత్ బెంజ్ కంపెనీలు కూడా పెద్ద లారీల్లో, టిప్పర్లలో ఏఎంటీ ఇస్తున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చి ప్రతి ఇంజనూ ఎలక్ట్రానిక్ అయ్యాక, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య మాట కలపడం ఇంకా తేలికైంది.

దీనికి పూర్తిగా వేరైన ఇంకో రకం ఉంది, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. అందులో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు నూనె ఉంటుంది. తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ఎదుట ఆపి ఉంచిన ఇంకో ఫ్యాను పెడితే గాలికి దాని రెక్కలూ తిరుగుతాయి. గాలికి బదులు నూనె, అంతే తేడా. రోజంతా ఆగుతూ కదులుతూ ఉండే పనికి దీనికి సాటి లేదు. కంటైనర్ టెర్మినళ్ల లోపల ఓడ పక్క నుంచి యార్డుకు పెట్టెలు మోసే ట్రాక్టర్లకు, విమానాశ్రయాల అగ్నిమాపక వాహనాలకు ఎక్కువగా ఇదే వాడతారు. ఖరీదెక్కువ, నూనెలో కొంత శక్తి వృథా అవుతుంది. అందుకే రోడ్డు లారీలు ఏఎంటీ వైపు వెళ్లాయి.

ఈ రెండింటికీ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. పోర్టు క్యూలో ఏఎంటీ బండి ఉందనుకోండి. ముందు బండి రెండు మీటర్లు కదిలింది, మనమూ కదలాలి. కాస్త ఎత్తు మీద ఉన్నాం. బ్రేకు వేయకుండా యాక్సిలరేటరు మీదే కాలు ఆనించి బండిని జారకుండా నిలబెట్టే అలవాటు కొందరికి ఉంటుంది. టార్క్ కన్వర్టర్ బండి దాన్ని కొంతసేపు భరిస్తుంది. ఏఎంటీలో మాత్రం క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ కాలుతుంది. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడమూ ఇదే, కాకపోతే అక్కడ తప్పు కాలికి తెలుస్తుంది, వాసన వచ్చేలోపే కాలు నొప్పెడుతుంది. ఏఎంటీలో కాలికి ఏమీ తెలియదు. తెర మీద హెచ్చరిక వస్తుంది. అది ఇంగ్లీషు అక్షరాల్లోనో బొమ్మలోనో ఉంటుంది. ఆ బొమ్మకు అర్థమేమిటో బండి అప్పగించిన రోజున డ్రైవరుకు ఎవరైనా చెప్పారా? చాలామందికి చెప్పరు. తాళాలు యజమాని చేతికిస్తారు, దండ వేసి ఫొటో తీస్తారు, పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోకి పోతుంది.

అయినా ఆ క్యూలో ఏఎంటీ చేసే మేలును తక్కువ చేయలేను. లెక్క వేసి చూడండి. వరసలో నిమిషానికి ఒక్కసారి కదిలినా, గేరు వేయడానికి ఒకసారి, పైగేరుకు ఒకసారి, ఆగేటప్పుడు ఒకసారి, కనీసం మూడుసార్లు క్లచ్ తొక్కాలి. గంటకు 180 సార్లు. రోజుకు మూడు గంటలు అలా గడిస్తే 540. నెలకు పాతిక రోజులు పనిచేస్తే 13,500. అదంతా ఒక్క ఎడమ మోకాలి మీదే. యాభై దాటిన డ్రైవరు క్యాబిన్ దిగేటప్పుడు ఏ కాలు ముందు నేల మీద పెడతాడో గమనించండి, మీకే అర్థమవుతుంది. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. విశాఖ మే నెలలో బొగ్గు ధూళి మధ్య కిటికీ ఎత్తుకుని కూర్చోగలగడం, ఎడమ కాలికి పని లేకపోవడం, ఈ రెండూ విలాసాలు కావు. అలసిపోని డ్రైవరు అద్దం చూస్తాడు. అద్దం చూసే డ్రైవరుకు పక్కన దూరిన స్కూటరు కనిపిస్తుంది. గాజువాక, షీలానగర్, ఎన్ఏడీ కొత్తరోడ్డు లాంటి చోట్ల నాకు ఏఎంటీ మీద ఇష్టం కలగడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇప్పుడు ఘాటు. అసలు విషయం ఇక్కడే ఉంది, ఎక్కడంలో కన్నా దిగడంలో.

28.5 టన్నుల లారీ వంద మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, వేగం పెరగకుండా ఆపడానికి బండి ఎక్కడో ఒకచోట వదిలించుకోవాల్సిన వేడి ఎంతో తెలుసా? 30 డిగ్రీల దగ్గరున్న దాదాపు 95 లీటర్ల నీళ్లను మరిగే స్థాయికి తెచ్చేంత. ఎన్ని వందల మీటర్లు దిగితే అన్ని కాగులు. టైర్ల రాపిడికీ గాలికీ పోయే కొంచెం తీసేస్తే, ఆ వేడి ఇంజనుకైనా పోవాలి, బ్రేకు డ్రమ్ములకైనా పోవాలి. వేరే దారి లేదు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనింగుకు దూరంగా జరుగుతుంది, లైనింగు పట్టు కోల్పోతుంది. కాలు నొక్కుతూనే ఉంటుంది, బండి ఆగదు. అందుకే పాతవాళ్లు ఒక సూత్రం పెట్టారు: ఎక్కిన గేర్లోనే దిగాలి. ఇప్పటి ఇంజన్లు బలమైనవి కాబట్టి పెద్ద గేర్లోనే ఎక్కేస్తాయి. అందుచేత ఇంకో గేరు తగ్గించుకుని దిగడం మేలు. కింది గేర్లో ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది. పొగ గొట్టాన్ని మూసి ఇంజనును అడ్డగించే ఎగ్జాస్ట్ బ్రేకు పట్టు కూడా చుట్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. వేడి ఇంజను వైపు పోతుంది, బ్రేకులు చల్లగా మిగులుతాయి.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగే అలవాటు ఇంకా ఉంది. దీని గురించి గట్టిగా చెప్పాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనుకు డీజిల్ వెళ్లదు, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజను తనంతట తాను తిరగడానికి డీజిల్ తాగుతుంది. అంటే న్యూట్రల్ కొట్టినవాడు ప్రాణంతో పాటు డీజిల్ కూడా పోగొట్టుకుంటున్నాడు. పైగా ఇంజను నెమ్మదిస్తే గాలి నింపే కంప్రెసరూ నెమ్మదిస్తుంది. బ్రేకు మీద బ్రేకు కొడుతుంటే ట్యాంకులో ఎయిర్ దిగిపోతుంది. వేగం పెరిగాక మళ్లీ గేరు వేద్దామంటే మాన్యువల్ బాక్సులో అది పడదు, ఇందాకటి బస్సు అందనంత వేగంగా పోతోంది మరి. ఘాట్ల కింద కనిపించే తుక్కులో ఎన్నింటి కథ ఇలాగే మొదలై ఉంటుందో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

ఏఎంటీ ఈ కథలో ఒక అధ్యాయాన్ని చెరిపేస్తుంది. గేరు తప్పిపోవడం అనేది ఉండదు. కానీ కొత్త అధ్యాయం ఒకటి చేరుస్తుంది. యాక్సిలరేటరు వదిలి దిగుతుంటే వేగం పెరుగుతుంది, ఇంజను చుట్లు పెరుగుతాయి. ఇంజనును కాపాడాలని కంప్యూటరు పైగేరు వేసే అవకాశం ఉంది. పైగేరు అంటే పట్టు తగ్గినట్టే. ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంచితే చాలా బండ్లలో కంప్యూటరు కింది గేరును పట్టుకుని ఉంటుంది, కానీ దాని మీద వదిలేయకూడదు. మీటను మాన్యువల్ మోడ్‌కు తెచ్చి, గేరు తానే ఎంచుకుని, ఆ తర్వాతే దిగుడులోకి పోవాలి. దిగుడులో పడ్డాక, వేగం మించిపోయాక కింది గేరు అడిగితే కంప్యూటరు ఇవ్వదు. వేస్తే ఇంజను పగిలిపోతుందని దానికి తెలుసు. వేయకపోతే బండి ఎక్కడ ఆగుతుందో దానికి తెలియదు. యూరప్‌లో మ్యాపు చూసి ముందున్న ఎత్తుపల్లాలను బట్టి గేరు మార్చే లారీలు పదేళ్లకు పైగా ఉన్నాయి. అవి ఇక్కడికి వచ్చినా, ఘాటు మలుపులో ఎదురొచ్చే బస్సు ఏ మ్యాపులోనూ ఉండదు. కంప్యూటరుకు తెలిసేది చక్రాల కింద ఉన్న వాలు. మలుపు అవతల ఉన్న వాలు డ్రైవరుకు తెలియాలి.

రాయపూర్‌కు విశాఖ దగ్గరి సబ్బవరం నుంచి 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారి కడుతున్నారు. అది పూర్తయితే ఘాటు బాధ చాలావరకు తగ్గుతుంది. అంతదాకా పి.కోనవలస మలుపులే దిక్కు.

బాగుచేసే సంగతి కూడా చూడాలి. గాజువాక ఆటోనగర్‌లో మాన్యువల్ గేరుబాక్సును దింపి, విప్పి, అరిగిన రింగు మార్చి, మళ్లీ ఎక్కించగల చేతులు ఎన్నో ఉన్నాయి. ఏఎంటీలో పళ్లచక్రాల వరకు ఆ చేతులే సరిపోతాయి. కానీ చిన్న గాలి లీకేజీ వచ్చినా, ఒక సెన్సారు వైరు ఎలుక కొరికినా బండి గేరు వేయనంటుంది. అప్పుడు కావలసింది రెంచి కాదు, ల్యాప్‌టాప్. అది కంపెనీ వర్క్‌షాపులోనే ఉంటుంది. సాలూరు అవతల నడిరాత్రి ఆగిపోతే అక్కడికి ఎవరు వస్తారు? ఒక్క బండి ఉన్న సొంతదారు, తనే డ్రైవరైనవాడు, ఈ ఒక్క కారణంతో మాన్యువలే కొంటానంటే నేను కాదనను. పది బండ్లు ఉండి, డ్రైవర్లు మారుతూ ఉండే యజమానికి మాత్రం ఏఎంటీయే మంచిది. మంచి డ్రైవరుకూ మామూలు డ్రైవరుకూ మధ్య డీజిల్ ఖర్చులో ఉండే తేడాను అది బాగా తగ్గిస్తుంది, క్లచ్ ప్లేట్లు ఎక్కువ కాలం వస్తాయి. నిజంగా చెయ్యి తిరిగిన మాన్యువల్ డ్రైవరును అది ఓడిస్తుందని మాత్రం అనుకోవద్దు. అలాంటివాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, అదే దాని బలం.

ఇక లైసెన్సు. అమెరికాలో ఆటోమేటిక్ లారీ మీద పరీక్ష ఇచ్చినవాడు మాన్యువల్ గేరు లారీ తోలకూడదని లైసెన్సు మీదే ముద్ర వేస్తారు. మన మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్‌లో గేరు ఉన్నది, లేనిది అన్న తేడా మోటారు సైకిళ్లకే ఉంది. లారీకి లేదు. ఏఎంటీ మీద నేర్చుకున్న కుర్రాడు రేపు పాత తొమ్మిది గేర్ల ట్రైలరు ఎక్కినా చట్టం ఆపదు. దాన్ని ఆపాల్సింది బండి ఇచ్చే యజమానే. కొత్తవాడికి మొదటి నెల మాన్యువల్ బండి మీదే నేర్పాలని నా అభిప్రాయం. ఇరవై టన్నుల సరుకు వెనక నుంచి ఎలా తోస్తుందో, ఇంజను ఎక్కడ ఊపిరాడక మూలుగుతుందో కాలికీ చెవికీ ఒకసారి తెలియాలి. తెలిశాక ఏఎంటీ ఇవ్వండి. అప్పుడు ఆ కుర్రాడు కంప్యూటరు చేసేది అర్థం చేసుకుంటూ తోలుతాడు.

ఆటోమేటిక్కే కదా, ఎవడైనా తోలతాడు అని చెప్పి జీతం, బత్తా తగ్గించే యజమానులకు ఒక మాట. మీరు కొన్నది గేరు మార్చే పనిని. ఘాటు పైన నిలబడి బరువు, వాలు, తడి, టైరు, ఎదురొచ్చే బండ్లు అన్నీ చూసి ఏ గేర్లో దిగాలో నిర్ణయించే పని ఆ ధరలో రాలేదు. అది ఇంకా డ్రైవరు దగ్గరే ఉంది, దానికి జీతం ఇవ్వాలి.

డ్రైవరు అన్నదమ్ములారా, ఘాటు పైన బండి ఆపండి. ఎయిర్ గేజి చూడండి. డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. మీట మాన్యువల్‌కు తెచ్చి, ఎక్కిన గేరు గుర్తు చేసుకుని, ఒకటి తగ్గించి, అప్పుడు కదలండి. యజమానులారా, కొత్త ఏఎంటీ బండి ఇచ్చే డ్రైవరుకు పి.కోనవలస కూడా కొత్తే అయితే, తెలిసినవాణ్ని పక్కన కూర్చోబెట్టి మొదటి ట్రిప్పు ఖాళీ బండితో పంపండి.